విశ్వకిరణాలది ఏ ఊరు?

1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి 5 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు వెళ్లాడు. నేలకు దూరమయ్యేకొద్దీ రేడియేషన్ తగ్గుతుందని అప్పటి అంచనా. అతని పరికరాల్లో మాత్రం పెరుగుతూ పోయింది. అంటే అది ఆకాశం నుంచి దిగుతోంది! ఆకాశంలో ఎక్కణ్నుంచి? నూరేళ్లు దాటినా ఆ ప్రశ్న ఇంకా పూర్తిగా తెగలేదు. అడ్డుపడుతున్నది అయస్కాంతం.

మొదట్లో సాయపడిందీ అదే. 1927లో డచ్చి శాస్త్రవేత్త యాకబ్ క్లే జావా నుంచి ఐరోపాకు ఓడలో వెళ్తూ దారిపొడవునా ఈ విశ్వకిరణాలను కొలిచాడు. భూమధ్యరేఖ దగ్గర అవి తగ్గాయి. కాంతి అయితే భూమి అయస్కాంతాన్ని లెక్కచేయదు. కాబట్టి ఇవి పేరుకే కిరణాలు; నిజానికి విద్యుదావేశమున్న కణాలు. ఎక్కువ భాగం ప్రోటాన్లు, కొన్ని బరువైన కేంద్రకాలు.

ఆవేశం ఉంటే దారి వంగక తప్పదు. మన పాలపుంతలోని అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రంలో లక్షో వంతు ఉంటుందేమో, అంత బలహీనం. కానీ వేల కాంతి సంవత్సరాల మేర పరుచుకుని ఉంది. ఒకటి పక్కన 15 సున్నాలన్ని ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ప్రోటాన్ అందులో కాంతి సంవత్సరం వ్యాసార్ధంతో సుళ్లు తిరుగుతుంది. తిరనాళ్లలో తప్పిపోయిన పసివాణ్ని ఏ వైపు నుంచి వచ్చావని అడిగితే ఏం చెప్తాడు? ఆ కణం చేరిన దిక్కుకూ అంతే విలువ.

సున్నాలు 20 అయితే కథ మారుతుంది. అప్పుడు ఆ వలయం పాలపుంతంత పెద్దది. ప్రోటాన్ దాదాపు తిన్నగా వస్తుంది. అలాంటి కణాన్ని 1962లో న్యూమెక్సికోలోని వోల్కనో రాంచ్‌లో జాన్ లిన్‌స్లీ మొదటిసారి పట్టాడు. 1991 అక్టోబరు 15న యూటాలో దొరికినదానికి అంతకు మూడింతల శక్తి. కంటికి కనబడని ఒక్క కణంలో, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో స్పిన్నర్ వేసిన క్రికెట్ బంతికున్నంత శక్తి!

ఇవి చదరపు కిలోమీటరుకు శతాబ్దానికి ఒకటి పడటమే గగనం. అందుకే అర్జెంటీనాలో పియర్ ఆజే అబ్జర్వేటరీ వాళ్లు 3,000 చదరపు కిలోమీటర్ల మైదానంలో 1,600కు పైగా ట్యాంకులు పెట్టారు. ఒక్కోదానిలో 12 టన్నుల శుద్ధమైన నీళ్లు, లోపల కటిక చీకటి. గాలిలో పగిలిన కణం కురిపించే జల్లు ఆ నీటిలోంచి దూసుకెళ్తే సన్నటి నీలికాంతి మెరుస్తుంది. దాన్ని పట్టే కళ్లు ఒక్కో ట్యాంకులో మూడు.

2007లో ఈ కణాలు దగ్గరి చురుకైన గెలాక్సీల వైపు నుంచి వస్తున్నాయన్న ఆశ పుట్టింది. లెక్కలు పెరిగేకొద్దీ పలచబడింది. 2017 ఫలితం గట్టిది. కణాలు ఒక వైపు నుంచి కాస్త ఎక్కువగా వస్తున్నాయి, ఆ వైపు పాలపుంత కేంద్రానికి ఎడంగా ఉంది. అంటే ఇవి మన గెలాక్సీవి కావు. నూరేళ్ల ప్రశ్నకు దొరికిన జవాబుల్లో ఇది చాలా విలువైనది.

చిక్కల్లా బరువుతోనే. బరువైన ఇనుప కేంద్రకం ఆవేశం ప్రోటాన్‌కు 26 రెట్లు. అంత శక్తే ఉన్న ప్రోటాన్ కంటే 26 రెట్లు వంగుతుంది. 2021 మే 27న యూటాలో చిక్కిన, అమతెరాసు అని పేరు పెట్టిన అలాంటి మరో కణం దారిని వెనక్కి గీస్తే గెలాక్సీలు పెద్దగా లేని శూన్యంలోకి పోయింది. అది ప్రోటానో, ఇనుమో తేలకపోతే గీతను ఎంత వంచాలో తెలియదు. అందుకే ఇప్పుడు అర్జెంటీనా ట్యాంకుల నెత్తిన కొత్త పలకలు బిగించారు, వచ్చిన కణం బరువు పసిగట్టడానికి.