కల్లు పులుపు, సారా పరిమళం: ఆమ్లాల చరిత్ర చెప్పే ఆరోగ్య పాఠం

పద్మనాభం అనగానే చరిత్ర తెలిసినవారికి 1794 జూలై 10 నాటి యుద్ధం గుర్తుకు వస్తుంది. విజయనగర ప్రభువు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగిన చోటు అది. అదే నేలకు అంతకన్నా పాతదైన మరొక చరిత్ర కూడా ఉన్నది. అది తాటిచెట్టుది, చెరకుగడది, వాటి తీపిని మత్తుగా మార్చే కంటికి కనిపించని జీవులది. "నాటు సరుకు స్వచ్ఛమైనది, మంచిచెడ్డలు వాసనే చెబుతుంది" అనే మాట మీరూ వినే ఉంటారు. ఆ నమ్మకం ఎక్కడి నుండి వచ్చిందో, దానిలో నిజం ఎంతో ఈ చరిత్రను చూస్తే తేటపడుతుంది.

ముందుగా కల్లు సంగతి చూద్దాం. ఉత్తరాంధ్రలో యాత, శెగిడి కులాలవారు తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్నారు. గెల కోసి లొట్టి కట్టిన క్షణం నుండే తాటినీరు పులియడం మొదలవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ క్రియ మందగించి తీపి నిలుస్తుంది. సున్నం లేని లొట్టిలో ఈస్టుతో పాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. పెరుగును తోడుకొనేటట్లు చేసే జాతికి చెందిన బాక్టీరియాలు లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టిస్తాయి. గాలి తగిలేకొద్దీ మరొక రకం బాక్టీరియా ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వినిగర్‌లోని పులుపుగా మారుస్తుంది. ఉదయం తీయగా ఉన్న కల్లు సాయంత్రానికి పులవడానికి కారణం ఇదే.

ఆమ్లమూ ఆల్కహాలూ ఒకచోట చేరితే ఎస్టర్లనే పదార్థాలు ఏర్పడతాయి. ఈ కలయిక తీరును జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ తన సహచరుడితో కలిసి 1895లో వివరించాడు. అరటిపండు వాసన, అనాసపండు వాసన ఎస్టర్లవే. పులిసే కుండలో వాటిని ఎక్కువగా తయారుచేసేది ఈస్టు. బాక్టీరియాలు ఇచ్చే ఆమ్లాలు వాటికి కొత్త రకాలను చేరుస్తాయి.

ఈ సూత్రాన్ని పేరు తెలియకుండానే మన పూర్వులు వాడుకున్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణం ఉన్నది. అందులో కిణ్వమనే పులియబెట్టే ముద్ద ప్రసక్తి, ఆసవ, అరిష్ట, మైరేయాల వంటి పానీయాల వివరణ కనిపిస్తాయి. ఆయుర్వేద వైద్యులు ధాతకీ పుష్పాలు వేసి ఆసవారిష్టాలను పులియబెడతారు. ఆ పూలను అంటిపెట్టుకొని ఉండే ఈస్టే ఆ పని చేస్తుంది. అయితే ఆసవారిష్టాలను బట్టీ పెట్టరు. అవి కొలతతో, వైద్యుని సలహాతో తీసుకొనే ఔషధాలు.

సముద్రాల కవతల జమైకా ద్వీపంలో ఈ విద్య మరొక దారి పట్టింది. అక్కడ రమ్ము కాచిన తరువాత పాత్రలో మిగిలే పుల్లని మడ్డిని డండర్ అంటారు. దానిని పారబోయకుండా తరువాతి ఊటలో కలిపేవారు. కొన్ని చోట్ల గోతులలో మురగబెట్టేవారు. ఆ గోతులలో బాక్టీరియాలు పుట్టించే బ్యుటిరిక్ ఆమ్లానికి చెడిన వెన్న కంపు ఉంటుంది. అదే ఆమ్లం ఆల్కహాలుతో కలిస్తే అనాస పరిమళంగా మారుతుంది. ఇటువంటి ఘాటైన రమ్మును జర్మనీ వర్తకులు కొనుక్కొని, కొద్దిపాటిగా మామూలు మద్యంలో కలిపి అమ్మేవారు. చుక్క వాసనతో సీసా అంతా రమ్ముగా చలామణి అయ్యేదన్నమాట. వాసన నాణ్యతకు హామీ కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

పరిమళాన్నిచ్చే ఆమ్లమే విషాన్నీ లాగుతుంది. పులిసిన ద్రవం సీసాన్ని, రాగిని కరిగిస్తుంది. సీసపు గొట్టాల గుండా దిగిన రమ్ము తాగినవారు కడుపునొప్పితో, పక్షవాతంతో బాధపడటం చూసి మసాచుసెట్స్ వలస రాజ్యం 1723లో అటువంటి గొట్టాలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో ఆపిల్ మద్యం తాగేవారికి వచ్చే శూలకు సీసమే కారణమని జార్జ్ బేకర్ అనే వైద్యుడు 1767లో వెల్లడించాడు. పాత లారీ రేడియేటర్లలో సీసపు అతుకులుంటాయి. వాటితో సారా కాచేచోట ఆ పాత ప్రమాదం నేటికీ పొంచి ఉన్నట్టే.

మన ప్రాంతంలో కల్లుసారాల చరిత్ర వైద్యంతోనే ఆగలేదు. రంప ప్రాంతంలో కొండవాసులు ఇంటి అవసరానికి గీసుకొనే కల్లుపై పన్నులు, గుత్తేదార్ల పెత్తనం వచ్చిపడ్డాయి. 1879 నాటి తిరుగుబాటుకు ముఖ్య కారణాలలో అది ఒకటి. ఆ మంట విశాఖ జిల్లాలోని గొలుగొండ కొండలకూ పాకింది. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. అనుమతి లేని బట్టీ నేరమైనప్పుడు కాపు చాటుమాటు పనిగా మారుతుంది. చాటున జరిగే పనికి శుభ్రత ఉండదు, పరీక్ష ఉండదు. తొందర కోసం బెల్లపు ఊటలో నవసారం వంటివి వేస్తారు.

అంతకన్నా ఘోరమైనది మిథనాల్ కల్తీ. ఇది పరిశ్రమలలో వాడే ద్రావకం. వాసనకు, రుచికి మామూలు ఆల్కహాలును పోలి ఉంటుంది. కాలేయం దీనిని మొదట ఫార్మాల్డిహైడ్‌గా, పిదప ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, రక్తాన్ని ఆమ్లమయం చేస్తుంది. 10 మిల్లీలీటర్ల శుద్ధ మిథనాల్ చూపు పోగొట్టగలదు, 30 మిల్లీలీటర్లు ప్రాణం తీయగలదు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా మరణించింది ఈ మిథనాల్ కలిసిన సారా తాగినందువల్లనే. ఎస్టర్ల పరిమళం ఎంత ఘుమఘుమలాడినా మిథనాల్ ఉన్నదో లేదో చెప్పలేదు. ప్రయోగశాల మాత్రమే చెప్పగలదు.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఈ రసాయన శాస్త్రం చదువుకోలేదు. అక్షరాస్యత కేంద్రాలలో ఓనమాలు దిద్దుకొన్న ఆ తల్లులు తమ ఇళ్ల గతి చూసి కదిలారు. 1992 నాటికి ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. చట్టాలు మారినా కాలేయం స్వభావం మారలేదని పాఠకులు గ్రహించాలి.

చివరగా ప్రతి ఇంటిలోనూ తెలిసి ఉండవలసిన మాట. సారా తాగిన మనిషికి కొన్ని గంటల తరువాత, లేదా మరునాడు, కళ్ల ముందు మంచు కమ్మినట్లు చూపు మసకబారినా, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిగినా దానిని మత్తు దిగడమని వదిలివేయకండి. నిమ్మరసం, మజ్జిగ తాగించి నిద్రపుచ్చకండి. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి చేర్చండి. ఏమి తాగాడో దాచకుండా చెప్పండి. మిథనాల్‌కు విరుగుడు ఉన్నది, డయాలిసిస్ ఉన్నది. అవి ఫలించేది సమయానికి చేరినప్పుడే. కేసు అవుతుందనే భయంతో ఆలస్యం చేస్తే, పోయేది చూపైనా కావచ్చు, ప్రాణమైనా కావచ్చు.