బ్లూస్: రికార్డుకెక్కిన పాట, ఎక్కని పాట

గత వేసవిలో హిందూపురంలో ఒక సాహిత్య గోష్ఠి ముగిశాక, ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. "సార్, అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ విందామనుకుంటున్నాను. పోరాటం ఉన్న పాటలు ఒక పది చెప్పండి" అన్నాడు. అతని ఉత్సాహం నిజమైనదే. చిక్కు అతను వేసిన ప్రశ్నలో ఉంది. ఆ చిక్కులో నేనూ చాలాకాలం పడి ఉన్నవాణ్ణే గనుక, పది పేర్లు చెప్పి పంపించడానికి మనసొప్పలేదు. ఆ రోజు చెప్పలేకపోయిన సమాధానం ఇది.

పోరాటం ఉన్న బ్లూస్ లేవని కాదు. 1937లో లెడ్‌బెల్లీ కట్టిన 'బూర్జువా బ్లూస్' ఉంది. దేశ రాజధానిలో నల్లవాడికి తలదాచుకునే గది దొరక్కపోవడం దాని వస్తువు. 1954లో జె.బి. లెనోర్ ఏకంగా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు పెట్టి పాడాడు. మన వ్యాసాల్లో ఉదాహరణలకు ఎక్కేవి ఈ కోవ పాటలే. కాని రెండు ప్రపంచ యుద్ధాల నడుమ వెలువడిన బ్లూస్ రికార్డుల రాశిలో ఇవి చారెడు. మిగిలినవన్నీ దేని గురించి? వదిలిపోయిన మనిషి, రైలు, జైలు, తాగుడు, వరద, పురుగు పట్టిన పత్తి, అద్దె బాకీ, మరొకడి పెళ్లాం మీద పడిన మనసు. సామాజిక స్పృహ అనే మన జల్లెడ పడితే వీటిలో ముప్పాతిక మువ్వీసం కింద రాలిపోతుంది.

అసలు ఈ పాటలు రికార్డుకెక్కడమే ఒక విచిత్రం. 1920 ఆగస్టులో మామీ స్మిత్ అనే గాయని ఓకే కంపెనీకి 'క్రేజీ బ్లూస్' పాడింది. నల్లవాళ్లు కూడా డబ్బిచ్చి రికార్డులు కొంటారని కంపెనీలకు అప్పుడు తెలిసివచ్చింది. 'రేస్ రికార్డులు' అని వాళ్ల కోసం వేరే శ్రేణులు పెట్టారు. ఇది సంస్కృతీ సేవ కాదు, అచ్చమైన వ్యాపారం. విస్కాన్సిన్‌లోని పారమౌంట్ కంపెనీ పుట్టుక చూడండి. కుర్చీలు చేసే కార్ఖానా వాళ్లు ఫోనోగ్రాఫు పెట్టెలు చేయబోయి, పెట్టె అమ్ముడుపోవాలంటే పాట కూడా ఉండాలి గనుక రికార్డుల్లోకి దిగారు. గాయకుడి చేతిలో పాటకింత అని పెట్టి పంపేవారు. ఆ తర్వాత అమ్మకాలతో సాధారణంగా అతనికి సంబంధం ఉండేది కాదు.

దోపిడీయే, సందేహం లేదు. అయితే ఈ దోపిడీదారు ఒక పని చేయలేదు. పాట నీతిగా ఉందా, అభ్యుదయకరంగా ఉందా అని అడగలేదు. కొంటారా, కొనరా అన్నదే అతని గీటురాయి. కొనేవాళ్లలో ఎక్కువమంది పత్తిచేలలో, రంపపు మిల్లులలో, నగరాల వంటిళ్లలో పనిచేసేవాళ్లు. అందువల్ల శ్రమజీవికి నచ్చిన పాట చాలావరకు అతనికి నచ్చిన తీరులోనే నిలిచింది.

మన సంగతి వేరు. మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. తెలుగులో ప్రధానంగా డిస్కుకెక్కినవి కీర్తనలు, నాటక పద్యాలు, తర్వాత సినిమా పాటలు. వేరుసెనగ చేలో కలుపు తీసే మనిషి గ్రామఫోను కొనలేదు. కొనలేనివాడి పాటతో కంపెనీకి పనిలేదు. కనుక పల్లెపాటను కాపాడే బాధ్యత పండితుల మీద పడింది. 1874లోనే జె.ఏ. బాయిల్ అనే ఇంగ్లీషువాడు మన వీరగాథలు కొన్ని సేకరించి 'ఇండియన్ యాంటిక్వరీ'లో అచ్చువేశాడు. 1958లో బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపదగేయ సాహిత్యము' వచ్చింది. ఈ కృషిని తక్కువ చేసేవాడెవడూ ఉండడు. కాని కాగితం మీదికి వచ్చేది మాట మాత్రమే. ఏది రాసుకోవాలో, ఏది వదిలేయాలో కలం పట్టినవాడు నిర్ణయిస్తాడు.

ఇక వినడం గురించి. మా సీమవాడెవడైనా మొదట వినవలసింది సన్ హౌస్ అనే గాయకుడు 1930లో పారమౌంట్‌కు పాడిన 'డ్రై స్పెల్ బ్లూస్'. కరువు పాట. అప్పటి డిస్కు ఒక్కో వైపు మూడు నిమిషాలే పట్టేది గనుక రెండు వైపులా రెండు భాగాలుగా ఉంటుంది. ఆ ఏడు అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వానలు ఎగగొట్టాయి. పాటలో మాంసం ధర, పత్తి ధర పక్కపక్కన నిలబడతాయి. వ్యాఖ్యానం ఉండదు, ధరలే మాట్లాడతాయి. ఆ కంపెనీ మూతపడ్డాక మూల ముద్రలు పాత ఇనుము కింద పోయాయి. మనం వినేది ఎవరి ఇంట్లోనో అరిగిపోగా మిగిలిన ప్రతుల నుంచి తీసింది. మొదట చిరచిర చప్పుడే వినిపిస్తుంది. ఓపిక పట్టాలి, నాలుగోసారికి గొంతు పైకి వస్తుంది.

నిర్మాణం గమనించండి. ఒక పాదం పాడతాడు, అదే మళ్లీ పాడతాడు, మూడో పాదంలో దానికి జవాబు చెబుతాడు. మొదటి పాదం రెండుసార్లు రావడం వల్ల తరువాతి మాట వెతుక్కోవడానికి పాడేవాడికి వ్యవధి దొరుకుతుంది, వినేవాడిలో ఎదురుచూపు పెరుగుతుంది. స్వరం తెలిసినవారు గాంధారం దగ్గర చెవి పెట్టాలి. సాధారణమూ కాదు, అంతరమూ కాదు, మధ్యలో ఎక్కడో జారుతుంది. సీసా మెడను వేలికి తొడిగి తీగ మీద జార్చేది ఆ జారుడు కోసమే.

ఈ పాట విన్న తర్వాత విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' మళ్లీ చదివాను. పెన్న మన రాష్ట్రంలో అడుగుపెట్టేది హిందూపురం పక్కనే గనుక అది మాకు ఇంటి కావ్యం. నా అభిమానం తగ్గలేదు. అయితే అందులో రంగడి బతుకును విశ్వం చూస్తాడు, విశ్వం చెబుతాడు. సన్ హౌస్ పాటలో రంగడే పాడుతున్నాడు. ఈ తేడాను మన విమర్శ ఎక్కువగా పట్టించుకోలేదు.

రెండోది బెస్సీ స్మిత్ 'బ్యాక్‌వాటర్ బ్లూస్'. 1927 ఫిబ్రవరిలో పాడింది. ఏప్రిల్‌లో మిసిసిపీ కట్టలు తెగి మహావరద వచ్చేసరికి జనం ఆ పాటను తమ పాటగా చేసుకున్నారు. బెస్సీ పేరు వచ్చింది గనుక ఒక హెచ్చరిక. 1937లో కారు ప్రమాదంలో గాయపడిన ఆమెను తెల్లవాళ్ల ఆసుపత్రి చేర్చుకోలేదని, అందుకే చనిపోయిందని అభ్యుదయవాదులు ప్రచారం చేశారు. దాని మీద ఎడ్వర్డ్ ఆల్బీ నాటకం కూడా రాశాడు. నిజానికి ఆమెను నేరుగా నల్లవాళ్ల ఆసుపత్రికే తీసుకెళ్లారు. ఆసుపత్రులే రంగును బట్టి వేరుగా ఉండడం చాలినంత ఘోరం. కాని మనవాళ్లకు అది చాలలేదు, కథ కావలసి వచ్చింది.

మూడోది రాబర్ట్ జాన్సన్. 1936, 37లలో పాడిన 29 పాటలే అతని ఆస్తి. 1938లో 27వ ఏట పోయాడు. 1961లో వచ్చిన 'కింగ్ ఆఫ్ ది డెల్టా బ్లూస్ సింగర్స్' అనే ఆల్బమ్‌తో మొదలుపెట్టవచ్చు. దయ్యానికి ఆత్మను అమ్ముకున్నాడన్న కథ అతని గురించి అందరూ చెబుతారు. వదిలేయండి. వేలి మీద చెవి పెట్టండి.

నాలుగోది మా రైలు మార్గానికి దగ్గరిది. ధర్మవరంలో మొదలై పెనుకొండ, హిందూపురం దాటి బెంగళూరు చేరే ఈ దారిలో గోనెసంచులతో, బొచ్చెలతో, పసిపిల్లలతో వలసపోయే జనాన్ని చూస్తూ నేను పెరిగాను. మిసిసిపీ పత్తిచేల నుంచి షికాగోకు అలాంటి దారి ఇల్లినాయ్ సెంట్రల్ రైలు. స్టోవాల్ తోటలో ట్రాక్టరు తోలే మడ్డీ వాటర్స్‌ను 1941లో అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయపు నల్లజాతి ఆచార్యుడు జాన్ వర్క్ కలిసి ప్రభుత్వ గ్రంథాలయం కోసం రికార్డు చేశారు. రెండేళ్లకు అతను షికాగో చేరి, అక్కడి రొదలో వినబడాలంటే విద్యుత్ గిటారు పట్టక తప్పలేదు. తోటలో పాడినవి, మధ్యలో సంభాషణలతో సహా, 1993లో 'ది కంప్లీట్ ప్లాంటేషన్ రికార్డింగ్స్' పేరుతో వచ్చాయి. వాటి పక్కనే 1948 నాటి 'ఐ కాంట్ బీ శాటిస్‌ఫైడ్' వినండి. వలస మనిషి గొంతును ఏం చేస్తుందో తెలుస్తుంది. జాన్ వర్క్ రాసిన పరిశోధన మాత్రం 2005 దాకా అచ్చు మొహం చూడలేదు. జల్లెడలు అక్కడా ఉన్నాయి.

ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. సభల్లో వాళ్ల రామాయణ ఘట్టాన్ని మెచ్చుకుంటాం. జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి బూతు మొదలుపెడితే వేదిక మీద పెద్దలు గడియారం చూసుకుంటారు.

పెద్దల మీద నింద వేసి తప్పుకునే హక్కు నాకు లేదు. 2006 ఫిబ్రవరిలో నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ మరుసటి ఏడు పెనుకొండ దగ్గర ఒక చెరువు పూడికతీతలో, అరవై దాటిన ఒకామె తట్ట మోస్తూ పాడుతుంటే విని, నోటుబుక్కు తీసుకుని వెళ్లాను. అప్పుడు నాకు ఇరవై చిల్లర, విమర్శకుణ్ణన్న ధీమా దండిగా ఉంది. ఆమె ఇరవై చరణాలకు తక్కువ కాకుండా పాడింది. ఆకలి గురించిన అయిదు చరణాలు రాసుకున్నాను. బెంగళూరు పోయి ఇంకొకతెతో కాపురం పెట్టిన మొగుడి మీద తిట్లు, ధర్మవరం పట్టుచీర మీద ఆశ, అత్తను ఎగతాళి చేసే నాలుగు చరణాలు, ఇంకేవో మోటు మాటలు వచ్చినప్పుడు కలం ఆపాను. ఆమె గమనించింది.

"ఇవి రాసుకోవా సామీ?" అంది.

"అవి వద్దులే అవ్వా, కరువు పాటే చాలు" అన్నాను.

"అంతా ఒగటే పాట కదా" అని తట్ట ఎత్తుకుంది.

ఆ అయిదు చరణాలతో వ్యాసం రాసి ఒక సదస్సులో చదివాను. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు చదివితే ఆ చరణాలు పేలవంగా ఉన్నాయి. మొగుడు పోయిన దారి తెలియకపోతే ఆ ఆకలి ఎవరిదో తెలియడం లేదు.

సన్ హౌస్ పాట రెండు వైపులా విన్న తర్వాతనే ఆ ఊరికి మళ్లీ పోవాలనిపించింది. అప్పటికి చాలా ఏళ్లు గడిచాయి, ఆమె లేదు. మనవరాలు దొడ్డబళ్లాపురంలో గార్మెంట్సు పనికి పోతూ ఆదివారం గనుక ఇంటి దగ్గరుంది. అవ్వ పాట ఏమైనా గుర్తుందా అని అడిగాను. సిగ్గుపడి, వరుస మాత్రం కూనిరాగంగా తీసింది. మాటలు తనకు రావంది. నోటుబుక్కు తెరిచి నా అయిదు చరణాలు చదివి వినిపించాను. విని, "ఇంతేనా సార్? మా అవ్వ పాట శానా పొడుగుండె" అంది.