వికాస్ దొరాసూ

వికాస్ దొరాసూ (జననం: 1973 అక్టోబర్ 10) 2006 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ తరఫున ఆడిన తెలుగు మూలాల ఫుట్‌బాల్ క్రీడాకారుడు. ఎత్తు 168 సెంటీమీటర్లు. గోల్ కొట్టేవారికి బంతి అందించే మిడ్‌ఫీల్డర్. ఫ్రాన్స్, ఇటలీ దేశాల్లో ఆరు క్లబ్బుల్లో ఉన్నాడు.

అతని పూర్వీకులు ఆంధ్ర ప్రాంతం నుంచి మారిషస్ వెళ్లినవారు. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి కోరంగి రేవు మీదుగా ఓడలెక్కిన తెలుగువారిని ఆ దీవిలో ‘కోరంగీలు’ అనేవారు. దొరాసూ కుటుంబం మారిషస్ నుంచి మరో సముద్రం దాటి ఫ్రాన్స్ చేరింది. దొరాసూ అక్కడ పుట్టిన హార్‌ఫ్లర్ ఊరు లె ఆవ్ర్ రేవును ఆనుకునే ఉంటుంది.

1872 నాటి చరిత్ర చెప్పుకునే లె ఆవ్ర్ క్లబ్బులో అతను 1993 నుంచి ఐదేళ్లు ఆడాడు. 1998లో లియాన్ పిలిచింది. 2001-02 సీజన్‌కు ఆ క్లబ్బు అతన్ని బోర్డోకు అరువిచ్చింది. లియాన్ తన చరిత్రలో తొలి లీగ్ టైటిల్ గెలిచింది సరిగ్గా ఆ ఏడాదే. తిరిగొచ్చాక 2003, 2004 టైటిళ్లలో అతనికీ భాగం దక్కింది.

2004లో ఏసీ మిలాన్‌కు మారాడు. పిర్లో, సీడార్ఫ్, కాకా ఉన్న మిడ్‌ఫీల్డ్‌లో చోటు దొరకడం గగనమే. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్‌తో చాంపియన్స్ లీగ్ ఫైనల్. మూడు గోల్స్ ఆధిక్యం కరిగిపోయి, పెనాల్టీల్లో కప్పు చేజారడం అతను బెంచీ మీద కూర్చునే చూశాడు. ఏడాదికే పారిస్ సాఁ జెర్మాఁ క్లబ్బులో చేరాడు. 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచ్ కప్ ఫైనల్లో మార్సెయ్‌పై 2-1 విజయానికి రెండో గోల్ అతనిదే. దూరం నుంచి కొట్టిన ఆ షాట్‌ను పారిస్ అభిమానులు తేలిగ్గా మరచిపోలేరు.

జాతీయ జట్టు దారి మరింత ఎగుడుదిగుడు. 1999లో తొలి మ్యాచ్ ఆడితే, మళ్లీ పిలుపు రావడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. మొత్తం 18 మ్యాచ్‌లు, ఒకే గోల్. అది 2005 అక్టోబర్‌లో సైప్రస్‌పై, ఫ్రాన్స్‌కు ప్రపంచ కప్ బెర్తు ఖాయం చేసిన మ్యాచ్‌లో కొట్టింది.

జర్మనీలో జరిగిన ఆ ప్రపంచ కప్‌లో స్విట్జర్లాండ్, దక్షిణ కొరియా మ్యాచ్‌ల చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. రెండూ కలిపి ఇరవై నిమిషాలు కూడా కాదు. ఆ తర్వాత ఫైనల్ దాకా కోచ్ రేమోఁ డొమెనెక్ అతని వైపు చూడలేదు. టోర్నీకి ముందు సినీ దర్శకుడు ఫ్రెడ్ పూలె అతని చేతికి ఒక సూపర్-8 కెమెరా ఇచ్చాడు. హోటల్ గది, బస్సు కిటికీ, ఎదురుచూపు, ఒంటరితనం అందులోకి ఎక్కాయి. 2007లో వచ్చిన ‘సబ్‌స్టిట్యూట్’ చిత్రం దాంతో తయారైందే. ప్రపంచ కప్ గెలిచినవారి కథలు చాలానే ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నవాడు లోపలినుంచి చూపించిన కథగా దీని విలువ వేరు.

జర్మనీ నుంచి వచ్చాక పారిస్ క్లబ్బులో కోచ్ గీ లకోఁబ్‌తో పొసగలేదు. పత్రికల్లో బాహాటంగా మాట్లాడాడు. 2006 అక్టోబర్‌లో క్లబ్బు అతన్ని ఉద్యోగం నుంచే తొలగించింది. ఫ్రాన్స్‌లో వృత్తి ఆటగాళ్ల హక్కులకు 1973లో చార్టర్ వచ్చాక ఇలా ఉద్వాసన పొందిన తొలి ఆటగాడు అతనే. మరుసటి ఏడాది ఇటలీలోని లివోర్నో చేర్చుకుంది గానీ, ఒక్క మ్యాచ్ ఆడకుండానే అక్కణ్ణుంచి బయటపడ్డాడు. 2008 మొదట్లో ఆటకు సెలవు ప్రకటించాడు.

తర్వాత కొన్నాళ్లు పేకాట పోటీల్లో పోకర్ ఆడాడు. స్వలింగ సంపర్కుల పట్ల వివక్షను ఎదిరించే పారిస్ ఫుట్ గే క్లబ్బుకు అండగా నిలిచాడు. గెలుపోటముల కన్నా ఆడే ఆనందం కోసం ఫుట్‌బాల్ ఆడాలనే ‘తతాన్’ బృందాన్ని 2011లో మొదలుపెట్టిన వారిలో ఒకడు. 2020 పారిస్ నగర ఎన్నికల్లో వామపక్షం తరఫున 18వ విభాగంలో పోటీకి దిగాడు.