టెల్‌స్టార్ గొంతు నొక్కిన బాంబు

1962 జులై 8. హొనొలులులో రాత్రి పదకొండు గంటలు. హోటళ్ల డాబాల మీద జనం గుమిగూడారు. ఆకాశంలో అణుబాంబు పేలుస్తారని ముందే తెలుసు, అది చూడటానికి విందులు కూడా ఏర్పాటయ్యాయి. అక్కడికి సుమారు 1,450 కిలోమీటర్ల దూరాన జాన్‌స్టన్ దీవి నుంచి థార్ రాకెట్ మోసుకెళ్లిన 1.4 మెగాటన్నుల బాంబు 400 కిలోమీటర్ల ఎత్తున పేలింది. పట్టపగల్లాంటి మెరుపు, ఆ వెనకే ఆకాశమంతా ఎరుపు. హొనొలులులో మూడు వందల దాకా వీధిదీపాలు ఆరిపోయాయి. ఇళ్లలో దొంగల అలారాలు వాటంతటవే మోగాయి.

ఈ పరీక్ష పేరు స్టార్‌ఫిష్ ప్రైమ్. భూమి చుట్టూ ఉన్న వాన్ ఆలెన్ రేడియేషన్ పట్టీలకు ఏమీ కాదని వాటిని కనిపెట్టిన శాస్త్రవేత్తే చెప్పారంటూ, అధ్యక్షుడు కెనెడీ మే నెలలో విలేకరులకు భరోసా ఇచ్చారు. ఆ మాట నిలవలేదు. పేలుడులో పుట్టిన ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని కొత్త రేడియేషన్ పట్టీగా మారాయి, ఏళ్ల తరబడి పోలేదు. అందులోంచి తిరిగిన ఉపగ్రహాలు ఒక్కొక్కటే దెబ్బతిన్నాయి. బ్రిటన్ తొలి ఉపగ్రహం ఏరియల్-1 సౌరఫలకాలు పాడైపోయాయి. అమెరికా నౌకాదళం దారి తెలుసుకోవడానికి పంపిన ట్రాన్సిట్ 4బి కూడా ఆగస్టు మొదట్లోనే మూగబోయింది. సొంత దేశం బాంబే దాన్ని బలి తీసుకుంది.

అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది టెల్‌స్టార్ అనే సమాచార ఉపగ్రహం కథ. పేలుడు జరిగి రెండు రోజులైనా కాకముందే, జులై 10న, అది కేప్ కెనావరల్ నుంచి ఎగిరింది. ఏటీ అండ్ టీ కంపెనీ సొంత డబ్బుతో తయారు చేయించి, ప్రయోగానికి నాసాకు దాదాపు 30 లక్షల డాలర్లు కట్టింది. బరువు 77 కిలోలు, ఒళ్లంతా 3,600 సౌరఘటాలు. ఆ నెల 23న అమెరికా, యూరప్ జనం ఒకే దృశ్యాన్ని ఏకకాలంలో టీవీల్లో చూశారంటే దాని పుణ్యమే. నవంబరుకల్లా అది కింది నుంచి వెళ్లే ఆదేశాలకు పలకడం మానేసింది. దాన్ని తయారు చేసిన బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు అందులో వాడిన రకం ట్రాన్సిస్టర్లను ప్రయోగశాలలో రేడియేషన్‌కు గురిచేసి చూశారు. కాసేపు విద్యుత్తు ఆపితే అవి కోలుకుంటాయని గ్రహించి, అలాంటి ఆదేశాలే పంపి, జనవరిలో మళ్లీ పలికించారు. అంత ఓపికకు మొక్కాలి. కానీ 1963 ఫిబ్రవరి 21న టెల్‌స్టార్ పూర్తిగా ఆగిపోయింది.

పరీక్ష జరిగిన సంగతి అమెరికా దాచలేదు. పేలుడుకు పుట్టిన విద్యుదయస్కాంత తరంగం కొలతలు మాత్రం చాలాకాలం రహస్య పత్రాల్లోనే ఉండిపోయాయి. సోవియట్లు అంతకన్నా లోతుగా దాచారు. అదే ఏడాది అక్టోబరు 22న, క్యూబా సంక్షోభం ముదురుతున్న రోజుల్లో, కజకిస్తాన్ మీద 290 కిలోమీటర్ల ఎత్తున బాంబు పేల్చారు. వందల కిలోమీటర్ల టెలిఫోన్ లైను దెబ్బతింది. ఈ వివరాలు బయటి శాస్త్రవేత్తలకు సోవియట్ యూనియన్ కూలాకే తెలిశాయి. తమ పైన ఏం పేలిందో తెలుసుకునే హక్కు ఆ లైన్ల కింద బతికిన జనానికి లేదా?

1963 ఒప్పందం రోదసిలో అణు పరీక్షలను, 1967 ఒప్పందం కక్ష్యలో అణ్వస్త్రాలను నిషేధించాయి. 1972 నాటి మరో ఒప్పందం ప్రకారం, అంతరిక్షంలో ఉపగ్రహం దెబ్బతిన్న దేశం పరిహారం కోరాలంటే అవతలివాడి తప్పు రుజువు చేయాలి. కొలతలన్నీ బీరువాల్లో పెట్టి తాళం వేస్తే ఏ రుజువు చూపగలం? 2024 ఏప్రిల్‌లో కక్ష్యలో అణ్వస్త్రాలు వద్దంటూ అమెరికా, జపాన్ తెచ్చిన తీర్మానానికి భద్రతా మండలిలో 13 దేశాలు ఓటేశాయి. చైనా ఓటేయలేదు, రష్యా వీటో చేసింది. అలాంటి ఆయుధం పెట్టే ఉద్దేశం తమకు లేదని రష్యా అంటోంది. రష్యా మీద అనుమానాలకు ఆధారమైన నిఘా సమాచారాన్ని అమెరికా పూర్తిగా బయటపెట్టలేదు. ఇద్దరూ దాచుకున్నవి చూపాలని మిగతా దేశాలు గట్టిగా అడగాలి, మన దేశంతో సహా.