చేతిలో నిలువని సొమ్ము

దుబారా అనేది ఈ కాలపు జాడ్యమని మనలో పలువురు తలుస్తారు. సినిమాలు, హోటళ్ళు, వాయిదాల మీద అమ్మే సరకులు లేకపోతే మనుషులందరూ పొదుపరులై ఉండేవారని మన నమ్మకం. చరిత్ర ఈ మాటను సమర్థించదు. విజయనగరానికి సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరాన ఉన్న రామతీర్థం, దాని పరిసరాల కథ చూస్తే, ఈ జాడ్యమూ పాతదే, మందు వెదకడమూ పాతదేనని తెలుస్తుంది.

రామతీర్థమనగానే శ్రోతలకు రామస్వామి కోవెల జ్ఞాపకం వస్తుంది. దాని చెంతనే గురుభక్తులకొండ మీద బౌద్ధవిహారాల శిథిలాలు ఉన్నవి. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రే ఇక్కడి ఇటుక కట్టడాలను వెలుగులోకి తెచ్చినాడు. అటువంటి విహారాలలో నివసించే భిక్షువులకు వెండి బంగారాలు స్వీకరించరాదని నియమం. కాని వారికి భిక్ష పెట్టే గృహస్థు మాట వేరు. అతనికి సంసారమున్నది, సంతకు పోవలసిన అవసరమున్నది. గృహస్థు కొరకు బౌద్ధ సంప్రదాయం చెప్పిన హితవు సిగాలోవాద సుత్తంలో ఉన్నది. సంపద కరగిపోయే త్రోవలు ఆరింటిని అందులో లెక్కించినారు: తాగుడు, వేళకాని వేళ వీధుల వెంట తిరగడం, ఆటపాటల వేడుకల వెంటపడడం, జూదం, చెడుసావాసం, సోమరితనం. సంపాదనను నాలుగు పాళ్ళు చేసి ఒక పాలు అనుభవించి, రెండు పాళ్ళు వృత్తివ్యాపారాలలో పెట్టి, నాలుగవ పాలు ఆపద కొరకు దాచుకోమన్నారు.

ఈ పట్టికలో మమ్ము ఆకర్షించినది చెడుసావాసం. చేతిలోని సొమ్ము ఒక్కడే కూర్చుండి పారవేసుకునేవాడు అరుదు. పక్కన నలుగురుండవలె, వారిలో ఒకడు "భలే" అనవలె. దుబారాకు సావాసం ఎంత అవసరమో, దానిని మానడానికి కూడా అంతే అవసరమని ఇకముందు చెప్పబోయే కథ వలన తేలుతుంది.

హితవు చెప్పడం తేలిక. అది తలకెక్కుతుందా అన్నది వేరు ప్రశ్న. దీనికి రామతీర్థం పక్కనే ఉన్న విజయనగర సంస్థానపు లెక్కలే చక్కని సాక్ష్యం. 1794 జూలై 10న పద్మనాభం వద్ద కంపెనీ సేనతో జరిగిన యుద్ధంలో చిన విజయరామరాజు మరణించినాడు. కుమారుడు నారాయణబాబు చిన్నవాడు. కొంతకాలానికి కంపెనీవారు సంస్థానాన్ని అతనికి తిరిగి ఇచ్చినారు. 1802 నాటి శాశ్వత పరిష్కారంలో ఇరువదినాలుగు పరగణాలు, 1,157 గ్రామాలు గల ఈ జమీందారీకి 5 లక్షల రూపాయల పేష్కషు విధించినారు. 1817 నాటికి అప్పులు సుమారు 2 లక్షలైనవి. వాటిని తీర్చే మార్గం తోచక రాజావారు సంస్థానాన్ని దొరల యాజమాన్యానికి అప్పగించినారు. 1822లో తిరిగి తీసుకున్నారు. ఐదేండ్లు తిరిగేసరికి మరల పాతకథే. 1827లో రెండవమారు అప్పగించి తాము కాశీకి వెళ్ళిపోయినారు. 1845లో అక్కడనే మరణించేనాటికి అప్పులు సుమారు 11 లక్షలు.

ఇదంతా ఒక్క దుబారా వలననే జరిగినదనడం న్యాయం కాదు. పేష్కషు బరువు తక్కువది కాదు. సంస్థానాధీశుడన్న పేరు నిలుపుకోవడానికి అయ్యే ఖర్చు ఆ పేరుతోపాటే వారసత్వంగా వచ్చేది. ఏనుగుల మేత తగ్గించితే పరువు తగ్గుతుందని భయపడే సమాజం అది. అయినను లెక్కను కొంచెం నిలిచి చూడవలె. 1852లో క్రోజియర్ అనే అధికారి సంస్థానాన్ని రాజా విజయరామ గజపతికి అప్పగించినప్పుడు ఖజానాలో 2 లక్షలకు పైగా మిగులు ఉన్నది. అంటే పరుల చేతిలో ఎస్టేటు చక్కబడినది. కాశీలో రాజావారి సొంత అప్పులు మాత్రం ఐదింతలకు మించి పెరిగినవి. పెట్టెకు ఇంకొకరు తాళం వేసినారు. తాళంచెవి లేని చేయి అప్పు పుట్టే చోటును వెదకుకొన్నది. మా ఎరుకలో ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం మరొకటి లేదు.

రాజులకే కాదు, మధ్యతరగతికి కూడా ఈ ఊరిలో ఒక ప్రతినిధి ఉన్నాడు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కంలోని గిరీశం పూటకూళ్ళమ్మ సొమ్మును మధురవాణి కొరకు వాడుకొని, ఊరు విడిచి పోజూస్తాడు. అతనికి తెలివితేటలు తక్కువ కాదు. తెలివి దుబారాను ఆపదని గురజాడవారికి బాగా తెలుసు.

పిమ్మట చట్టం వంతు వచ్చినది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చినది. ఉత్తరాంధ్ర అప్పుడు అందులోని భాగమే. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం, 1954 నవంబరులో, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం నిషేధం విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. కాలక్రమాన నిషేధం సడలిపోయినది. 1980వ దశకంలో వారుణివాహిని పేరుతో సర్కారే సారాను పొట్లాలుగా ఊరూరికీ చేర్చినది. కూలివాడు పనినుంచి ఇంటికి వచ్చే దారిలోనే దుకాణం. ఇంటిలో ఉప్పు ఉన్నదా అని అడిగే భార్యకంటె ముందు సారా పొట్లమే అతనికి ఎదురయ్యేది.

ఈ వరుసను తలక్రిందులు చేసినది ఉత్తరాంధ్ర కాదు. ఇదే సముద్రతీరపు దక్షిణపు కొసన ఉన్న నెల్లూరు జిల్లా. అక్కడ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవారు వాచకంలో సీతమ్మ కథ చదివినారు. తాగుబోతు భర్త వలన చితికిన సంసారం కథ అది. చదివి ఊరుకోలేదు. 1992లో కలిగిరి దగ్గరి దూబగుంట స్త్రీలు, వర్ధినేని రోశమ్మ ముందు నిలువగా, ఊరిలోని సారా దుకాణాన్ని మూయించినారు. ఉద్యమం జిల్లా అంతటా ప్రాకి సారా వేలంపాటలే సాగని స్థితి వచ్చినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో తొలగినది.

చట్టం వచ్చిపోయినది గాని, మధ్యలో ఒక సంగతి జరిగినది. సారా ఆగిన ఇండ్లలో చేతికి మిగిలిన రూపాయి ఏమికావలె? అది మరొక దుకాణానికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. నెల్లూరు స్త్రీలు రోజుకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టే సంఘాలు పెట్టుకున్నారు. పొదుపులక్ష్మి అని వాటికి పేరు. సంఘంలోని వారందరూ ఒకచోట చేరుతారు. ఎవరి సొమ్ము ఎంతో అందరి ఎదుట లెక్కపెట్టి పుస్తకంలో వ్రాస్తారు. ఇవ్వలేకపోయినవారు కారణం చెప్పవలె. కాన్పుకో, విత్తనాలకో అవసరం పడితే అందులోనుంచే అప్పు పుడుతుంది. వడ్డీ కూడా సంఘానికే. కాశీలో రాజావారికి లేనిది ఇక్కడ రెండు విధాల ఉన్నది: తాళం వేసినది తామే, తాళంచెవి పదిమంది కనుసన్నలలో ఉన్నది. చెడుసావాసానికి విరుగుడుగా మంచిసావాసమే పనిచేసినది.

ఆ పద్ధతి పిమ్మట డ్వాక్రా సంఘాల ద్వారా రాష్ట్రమంతటా వ్యాపించి, విజయనగరం జిల్లా పల్లెలకు కూడా వచ్చినది. అయితే ఒక చిక్కు ఉన్నది. బ్యాంకు అప్పు సులభమయ్యేకొద్దీ సంఘం పొదుపు కొరకు కాక అప్పు కొరకే అన్న తలంపు కొన్నిచోట్ల బలపడినది. రూపాయి కూడబెట్టిన ఆ తొలి నెలల ఓపిక, వేలకొద్దీ అప్పు ఒక్కమారుగా చేతికి వచ్చిన తరువాత నిలుస్తుందా అనేది ప్రతి సంఘమూ తన పుస్తకంలోనే వెదకవలసిన లెక్క.