భద్రతామండలిలో వాతావరణము

యుద్ధభయమును తొలగించుటకేర్పడిన సభలో ఎండవానల ప్రసక్తి యేల? 2007 ఏప్రిల్ 17న ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో వాతావరణ మార్పుపై తొలి చర్చ జరిగినప్పుడు ఈ ప్రశ్న పుట్టినది. కరవులు, వరదలు వలసలకును, నీటి తగవులకును దారితీయునని చర్చ పెట్టిన బ్రిటన్ వాదించినది. ఇది అభివృద్ధి సమస్య, 15 సభ్యదేశముల మండలి తేల్చదగినది కాదని భారతదేశము, చైనా ఆక్షేపించినవి. సముద్రమట్టము పెరిగినచో పల్లపు పసిఫిక్ ద్వీపములకు నిలువ నేల యుండదు. ఆ ద్వీపదేశముల చొరవతోనే 2009లో సాధారణ సభ ఈ భద్రతాప్రశ్నపై తీర్మానించినది. 2021 డిసెంబరు 13న ఐర్లండు, నైజరు తెచ్చిన తీర్మానమునకు మండలిలో 12 ఓట్లు వచ్చినను, రష్యా వీటోచే అది వీగిపోయినది, భారతదేశమును వ్యతిరేకించినది.

పేరునుబట్టి బాధ్యత మారును. భద్రతాసమస్య యన్నచో ఆంక్షలు, సైన్యములు ముందుకు వచ్చును. అభివృద్ధిసమస్య యన్నచో బొగ్గుపులుసు వాయువును అధికముగా విడిచిన దేశములు ముందు లెక్క చెప్పవలెను.