ఆనందగజపతిరాజు కోరిన పరసహాయము

సహాయశబ్దమునకుఁ గూడ నడచువాఁడని వ్యుత్పత్తి. కూడ నడచినవాఁడు కార్యాంతమున మరలిపోవునో, యింటనే నిలిచిపోవునో, యది సహాయమును గోరినవాని కట్టుబాటులను బట్టి యుండును. పరదేశబలముచే దండుపాలనమును దొలఁగింపఁ జూచిన విజయనగరప్రభువు ఆనందగజపతిరాజు చరిత్రము దీనికి నిదర్శనము.

1753లో సలాబతుజంగు ఫ్రెంచిసేన జీతములకై ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను బుస్సీ కొసఁగెను. శిస్తు సేనావేతనమునకే యంకితమగుటచే నచ్చటిది దండుప్రభుత్వమే యయ్యెను. 1757 జనవరిలో బొబ్బిలియుద్ధము ముగిసిన వెంటనే పెదవిజయరామరాజు తాండ్ర పాపారాయనిచేఁ జంపఁబడఁగా, ఆనందరాజు గద్దె యెక్కెను. 1758లో లాలీ యాజ్ఞచే బుస్సీ దక్షిణమునకుఁ బోయెను. ఆ యదను గనిపెట్టి యానందరాజు విశాఖపట్టణమున ఫ్రెంచివారిని వెడలఁగొట్టి యాంగ్లేయుల తోడ్పాటును గోరెను. చెన్నపట్టణమువారు సమ్మతింపలేదు. కలకత్తానుండి క్లైవు కర్నలు ఫోర్డును బంపెను.

వారిరువురి యొడంబడిక గమనింపఁ దగినది. గెలిచిన సీమలు రాజునకు. రేవులును, నదీముఖములందలి పట్టణములును గుంపిణీకి. సేన వ్యయమునకై రాజు నెలకు 50,000 రూపాయలిచ్చుకొనవలెను. సేన మరలిపోవు గడువు మాత్ర మిందుఁ గానరాదు. 1758 డిసెంబరులో చందుర్తికడ ఫ్రెంచివా రోడిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్టణము పడెను. మే 14వ తేదీని సలాబతుజంగు మచిలీపట్టణమును, దానిని జేరిన సీమలను గుంపిణీకే యిచ్చెను. ఫ్రెంచివారు పోయిరి, శిస్తుతో సేనను బోషించు పద్ధతి పోలేదు.

ఇరువదేండ్లు గడవకమున్నే యీ ఫ్రెంచివారే యమెరికావారికిఁ దోడ్పడిరి. 1778 నాఁటి సంధిలో నుత్తరామెరికా ఖండభూమిపై నాశను వదలుకొనిరి. 1783లో శాంతి కుదిరిన పిమ్మట నా దేశ మచ్చటి ప్రజాప్రతినిధుల చేతనే యుండెను. అచటఁ బరసహాయమును గోరినది కాంగ్రెసుసభ. ఇచట నొక్క రాజు. జయించిన సీమను సేన చేతినుండి యందుకొన సిద్ధముగా నున్న పౌరసభ యేదియు నిచట లేదు.

ఫలము తరువాతితరము ననుభవమునకు వచ్చెను. 1766లో నిజామలీతోడి సంధిచే సర్కారులు కుంపిణీకిఁ జిక్కెను. 1794 జూలై 10వ తేదీని పద్మనాభమున నానందరాజు వారసుఁడు విజయరామరాజు కుంపిణీసేనచే మడిసెను. ఆతని కుమారుఁడు నారాయణబాబు మన్యపుదొరల మఱుఁగుఁ జొచ్చెను. గుమ్మలక్ష్మీపురపుఁ గొండలకు దాపుననున్న కురుపాము, మేరంగి మొదలగు జమీలు విజయనగరపుఁ జేయి విడిచి కుంపిణీకి నేరుగాఁ గట్టుబడెను. కోట లెఱుఁగని కొండరైతునకు మాఱినది కప్పము పోయి చేరు తావు మాత్రమే.

ఆనందరాజు పరుల సాయమడుగుట దోషము గాదు. ఒంటిగా ఫ్రెంచిసేన నెదుర్కొనుట యాతనికి శక్యము గాదు. దోష మొడంబడికలోనిది. సేనను బిలుచువాఁడు దాని మరలింపును, శిస్తుపై నధికారమును, గెలుపు పిమ్మటఁ బాలించు సభను ముందే నిర్ణయింపవలెను. అవి లేనిచోఁ గూడ నడచినవాఁడే యేలికయగును.